కాఫీ పరిమళంలో దాగిన గంధకం

నవంబరు వచ్చిందంటే అరకు, పాడేరు, చింతపల్లి కొండవాలుల్లో కాఫీ పండ్ల ఏరివేత మొదలవుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగల మధ్య తిరుగుతూ, ఎర్రగా పండిన వాటిని మాత్రమే కోసి బుట్టలో వేసుకుంటారు. ఆ పండ్లను పల్పర్‌లో వేసి పైతోలు తీస్తారు. గింజకు పట్టిన జిగురు పోయేదాకా కడిగి పలచగా ఆరబోస్తారు. అలా ఎండిన గింజనే పార్చ్‌మెంట్ అంటారు. ఆ బస్తా మూతి విప్పి ఒక గుప్పెడు ముక్కు దగ్గర పెట్టుకుంటే కాఫీ వాసన రాదు. ఎండు బఠాణీల వాసన, దాని వెనకే కాస్త ఎండుగడ్డి వాసన వస్తాయి, అంతే. అవే గింజలను పొట్టు తీసి పావుగంట సేపు పెనం మీద వేయించి చూడండి, వీధి చివరి ఇంటికి కూడా తెలిసిపోతుంది.

పచ్చి గింజలో లేని పరిమళం వేయించిన గింజలోకి ఎక్కణ్నుంచి వచ్చింది? ఈ ప్రశ్న వెంటపడ్డ రసాయనవేత్తలకు జవాబు దొరకడానికి వందేళ్లకు పైగా పట్టింది. తీరా దొరికిన జవాబు ఎవరూ ఊహించనిది. కుళ్లిన కోడిగుడ్డుకు ఆ కంపు తెచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంది కదా, దాని దగ్గరి చుట్టమే కాఫీకి కమ్మదనం ఇస్తోంది.

కథ జర్మనీలోని యేనా పట్నంలో, 1819లో మొదలవుతుంది. ఫ్రీడ్లీబ్ ఫెర్డినాండ్ రుంగె అనే 25 ఏళ్ల యువకుడు బెల్లడోనా మొక్క రసం కంటిపాపను ఎలా పెద్దది చేస్తుందో చూపించడానికి ఒక పిల్లిని చంకన పెట్టుకుని మహాకవి గ్యోథే దగ్గరికి వెళ్లాడు. ప్రయోగం చూసి ముచ్చటపడిన గ్యోథే, సెలవు తీసుకుంటున్న కుర్రవాడి చేతిలో అప్పట్లో అరుదైన కాఫీ గింజల పెట్టె ఒకటి పెట్టి, వీటిలో ఏముందో కూడా చూడమన్నాడు. ఆ చిన్న కానుక వల్ల కొద్దికాలానికే కెఫీన్ బయటపడింది. నిద్ర పారిపోవడానికి కారణం తెలిసింది. అయితే తెల్లటి పొడిగా చేతికొచ్చిన ఆ కెఫీన్‌కు వాసనే లేదు! కాఫీ గుట్టులో సగం తేలింది, రెండో సగం అలాగే ఉండిపోయింది.

తర్వాత ఎందరో ప్రయత్నించారు. వేయించిన గింజల నుంచి వచ్చే ఆవిరులను పట్టి, చల్లబరచి, అడుగున చేరిన నూనెను పరీక్షించడం అప్పటి పద్ధతి. 1880లో వియన్నాలో బెర్న్‌హైమర్ అనే ఆయన ఆ నూనెలో ఒక పదార్థాన్ని చూశానని, కాఫీ వాసనకు అదే మూలమని ప్రకటించి దానికి 'కెఫియోల్' అని పేరు పెట్టాడు. ఒక్క పదార్థం, ఒక్క పేరు, సమస్య తీరిపోయినట్టే అనిపించింది. కానీ ఇతరులు అదే పని మళ్లీ చేసి చూస్తే కెఫియోల్ వారి చేతికి చిక్కలేదు. ఒకే పదార్థం అనుకున్నది నిజానికి పెద్ద కలగలుపు.

ఈ వెతుకులాట సాగుతుండగానే మన తూర్పు కనుమల్లో కాఫీ కథ మొదలైంది. 1898లో బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో కాఫీ మొక్కలు నాటించాడు. అక్కణ్నుంచి పంట నెమ్మదిగా కొండలెక్కి విశాఖ మన్యంలోకి పాకింది. ఆ మొక్కలు నాటిన నాలుగేళ్లకు, 1902లో, జర్మనీలో ఎర్న్‌స్ట్ ఎర్డ్‌మన్ కాఫీ నూనెను మళ్లీ ఓపికగా విడదీశాడు. అందులో పెద్ద వాటా ఫర్ఫ్యూరిల్ ఆల్కహాల్ అనే పదార్థానిదని తేల్చాడు. అది గట్టి ఫలితమే. తీరా వాసన చూస్తే మాత్రం అది కాఫీలా లేదు. నూనెలో ఎక్కువగా ఉన్న పదార్థమే వాసనకు కారణమై ఉంటుందనుకోవడం సహజం. కానీ ఆ నమ్మకం పక్కదారి పట్టిస్తుంది.

1912లో ఫ్రాన్సులో మరో దిక్కునుంచి ఒక వెలుగు పడింది. లూయీ కమీల్ మయార్ అనే శాస్త్రవేత్త ప్రొటీన్లు ఎలా తయారవుతాయో తెలుసుకుందామని అమైనో ఆమ్లాలను చక్కెరతో కలిపి వేడి చేశాడు. ఆయన కోరుకున్న ప్రొటీను ముక్కలకు బదులు పాత్రలోని ద్రవం గోధుమ రంగుకు తిరిగింది. వెతికింది ఒకటి, దొరికింది మరొకటి. రొట్టె పైపొర ఎర్రబడటానికీ, వేరుశనగ గింజ వేగితే కమ్మటి వాసన రావడానికీ, కాఫీ గింజ నల్లబడటానికీ మూలం ఈ చర్యేనని తర్వాత తెలిసింది. వేడి తగిలినప్పుడు గింజలోని చక్కెరలు, ప్రొటీన్లు ఒకదానితో ఒకటి కలబడి వందల కొత్త పదార్థాలను పుట్టిస్తాయి. పచ్చి గింజకు కాఫీ వాసన ఎందుకు లేదో దీంతో అర్థమైంది. పరిమళం గింజలో దాక్కుని లేదు, పెనం మీదే పుడుతోంది. అలా పుట్టిన వందల్లో కాఫీ వాసన దేనిది అన్నది మాత్రం తేలలేదు.

ఆ పనికి పూనుకున్నవాడు తాడ్యూష్ రైక్‌స్టైన్. పోలండ్‌లో పుట్టి, స్విట్జర్లాండ్‌లో పెరిగి, 1922లో జూరిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పుచ్చుకున్న కుర్రవాడు. గురువు హెర్మన్ స్టౌడింగర్. రబ్బరు, ప్లాస్టిక్కుల్లాంటి మహా అణువుల శాస్త్రానికి పునాది వేసి, 1953లో నోబెల్ అందుకున్న పెద్దమనిషి ఆయన. కాఫీ పరిమళాన్ని కృత్రిమంగా తయారు చేయగలమా అని పరిశ్రమవాళ్లు ఆశపడుతున్న రోజులవి. ఏడాదో రెండేళ్లో పట్టే పని అనుకుని ఉంటారేమో, రైక్‌స్టైన్ జీవితంలో తొమ్మిదేళ్లు ఈ కాఫీకే పోయాయి.

మొదటి అడ్డంకి వాసన స్వభావమే. తాజా కాఫీ పరిమళం గాలి తగిలితే చెడుతుంది, వేడి తగిలితే విరిగిపోతుంది. పాతవాళ్లు మరిగే నీటి ఆవిరితో నూనె తీసేవారు, అంటే వెతుకుతున్నదాన్ని వెతికే క్రమంలోనే పాడుచేసుకునేవారు. రైక్‌స్టైన్, స్టౌడింగర్ దారి మార్చారు. గాలి తీసేసిన పాత్రల్లో, తక్కువ వేడి మీద గింజల నుంచి ఆవిరులను లాగి, గడ్డకట్టించే చలిలో పట్టుకున్నారు. అలా పోగైన కొద్దిపాటి ద్రవాన్ని మళ్లీ మళ్లీ విడదీసి, ఒక్కో భాగాన్ని పేరుపేరునా గుర్తించారు. ఇప్పుడున్న యంత్రాలేవీ లేని రోజులు. మరిగే ఉష్ణోగ్రత చూడటం, స్ఫటికం కట్టించడం, మూలకాల లెక్క తీయడం, ముక్కుతో వాసన చూడటం, ఇంతే సాధన సంపత్తి.

జాబితా పెరుగుతూ పోయింది. ఫ్యూరాన్ జాతి పదార్థాలు, పిర్రోల్ జాతివి, పొగ వాసన వేసేవి, వెన్న వాసన వేసేవి వరసగా బయటపడ్డాయి. ఏ ఒక్కటీ కాఫీ కాదు. అన్నిటినీ తగు పాళ్లలో కలిపినా కాఫీ కాదు. మొత్తంలో ఏదో ఒకటి లోపిస్తోంది. ఆ లోపించినది లెక్కకు అందనంత తక్కువగా ఉన్న గంధకం పదార్థాల్లో దొరికింది.

ఇక్కడ కాస్త ఆగి ఈ గంధకం కుటుంబాన్ని పలకరించాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ అణువులో ఒక గంధక పరమాణువుకు రెండు పక్కలా రెండు హైడ్రోజన్లు ఉంటాయి. అందులో ఒక హైడ్రోజన్ పోయి దాని చోట కర్బన సమూహం ఒకటి కూర్చుంటే థయోల్ అవుతుంది. రెండు చోట్లా కర్బన సమూహాలే కూర్చుంటే సల్ఫైడ్. రెండు థయోల్‌లు తమ హైడ్రోజన్లు వదిలేసి గంధకం వైపు నుంచి చేతులు కలిపితే డైసల్ఫైడ్. జూరిక్ బృందం కాఫీలో హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, డైమిథైల్ సల్ఫైడ్‌ను, కుళ్లిన క్యాబేజీ కంపు కొట్టే మిథైల్ థయోల్‌ను కనుక్కుంది. వాటితో పాటే మరో థయోల్ కూడా పట్టుబడింది. ఎర్డ్‌మన్ చూసిన ఫర్ఫ్యూరిల్ ఆల్కహాల్‌కు అది దాదాపు కవలే. ఆల్కహాల్‌లో ఆక్సిజన్ ఉన్నచోట దీనిలో గంధకం ఉంది, తేడా అంతే. దాని పేరు ఫర్ఫ్యూరిల్ థయోల్.

సీసాలో చిక్కగా ఉన్నప్పుడు దాన్ని వాసన చూస్తే ముఖం తిప్పుకోవాల్సిందే. నీళ్లు కలిపి పలచన చేస్తూ పోతే ఒక దశలో ఆ కంపు మాయమై, అప్పుడే వేయించిన కాఫీ వాసన తేలుతుంది. మనవాళ్లకు ఇది మరీ వింత కాకూడదు. ఇంగువ డబ్బా మూత తీస్తే ఒక వాసన, చిటికెడు వేసి పోపు పెడితే ఇంకో వాసన. ఇంగువలోనూ ఆ పని చేసేవి గంధకం పదార్థాలే. జూరిక్ శాస్త్రవేత్తలు ఈ థయోల్‌ను ప్రయోగశాలలో తయారు చేసి, 1926 నాటికి కృత్రిమ కాఫీ పరిమళం మీద పేటెంట్లు పొందారు. ఎర్డ్‌మన్‌కూ వాళ్లకూ మధ్య నిలిచిన తేడా ఒక్క పరమాణువు. దాన్ని దాటడానికి పాతికేళ్లు పట్టింది.

కాఫీ కోసం పడ్డ శ్రమ రైక్‌స్టైన్‌కు వృథా పోలేదు. ఎక్కువలో దాగిన తక్కువను పట్టుకునే విద్య ఆయన చేతికి అలవాటైపోయింది. 1933లో విటమిన్ సి ని కృత్రిమంగా తయారు చేశాడు. ఆ తర్వాత పశువుల అడ్రినల్ గ్రంథులను వందల కిలోల లెక్కన తీసుకుని, వాటి నుంచి గ్రాముల లెక్కన హార్మోన్లను వేరు చేశాడు. ఆ పనికే 1950లో నోబెల్ వరించింది. ముసలితనంలో ఫెర్న్ మొక్కల అధ్యయనంలో మునిగి, 99 ఏళ్లు నిండు జీవితం గడిపాడు.

తర్వాతి ఘట్టం యంత్రాలది. 1952లో ఇంగ్లండులో జేమ్స్, మార్టిన్ అనే ఇద్దరు గ్యాస్ క్రొమటోగ్రఫీని ప్రపంచానికి పరిచయం చేశారు. పొడవాటి సన్నని గొట్టంలోకి వాసన మిశ్రమాన్ని వాయువుతో పాటు పంపితే, ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో కదిలి వేర్వేరు సమయాల్లో అవతలి కొసకు చేరుతుంది. అక్కడ ఒక కలం కాగితం మీద గుర్తుగా ఒక శిఖరం గీస్తుంది. రైక్‌స్టైన్‌కు ఏళ్లు పట్టిన పని గంటల్లోకి వచ్చేసింది. 1967లో జెనీవాలోని ఫిర్మెనిష్ పరిశోధకులు కాఫీ పరిమళంలో 200 పైచిలుకు పదార్థాలను ఒకే వ్యాసంలో ప్రకటించారు. కాలం గడిచేకొద్దీ ఆ లెక్క 800 దాటింది.

సంఖ్య పెరిగేకొద్దీ అయోమయమూ పెరిగింది. ఎనిమిది వందల్లో ఏవి ముఖ్యం? ఎత్తుగా గీసిన శిఖరాలదే పెత్తనమంటే, ఎక్కువగా ఉన్నదే కారణమనుకునే పాత పొరపాటే మళ్లీ అవుతుంది. మ్యూనిక్ దగ్గరి గార్షింగ్‌లో వెర్నర్ గ్రోష్, ఆయన సహచరులు దీనికొక ఉపాయం పట్టారు. గొట్టం కొసను రెండుగా చీల్చి, ఒక పాయ యంత్రానికి, రెండో పాయ మనిషి ముక్కుకు ఇచ్చారు. పరిశోధకుడు అక్కడ కూర్చుని, వాసన తగిలినప్పుడల్లా అదేమిటో చెప్పాలి. తర్వాత నమూనాను సగానికి సగం పలచన చేసి మళ్లీ పంపుతారు, ఇంకా పలచన చేసి మళ్లీ. చివరిదాకా ముక్కుకు అందుతూ ఉన్నవే అసలైన బలవంతులు. ఒక్కోసారి కలం గీత చదునుగానే ఉండేది, ముక్కు మాత్రం కాఫీ అని చెప్పేసేది. యంత్రానికి కనబడనంత తక్కువ థయోల్ అప్పుడు ఆ గొట్టం దాటుతోందన్నమాట.

కిలో వేయించిన అరబికా గింజల్లో ఫర్ఫ్యూరిల్ థయోల్ ఒకటి రెండు మిల్లీగ్రాముల లెక్కలోనే ఉంటుంది. అయినా దాని బలం ఎంతంటే, ఒక్క గ్రామును దాదాపు 10 కోట్ల లీటర్ల నీటిలో కలిపినా మనిషి ముక్కు పసిగట్టగలదు. 1999లో గ్రోష్ బృందం 20 పైచిలుకు పదార్థాలతో అచ్చం అరబికాలాంటి వాసన తయారు చేసి, ఒక్కొక్కదాన్నే తీసేసి వాసన చూసేవాళ్లకు ఇచ్చింది. కొన్నిటిని తీసినా పెద్ద తేడా తెలియలేదు. కాఫీని కాఫీగా నిలిపే కొద్దిపాటి పదార్థాల్లో ఫర్ఫ్యూరిల్ థయోల్ స్థానం రూఢి అయింది. ఎనిమిది వందల జాబితా అలా రెండు మూడు పదులకు కుదించుకుపోయింది.

మరి పెనం మీద ఈ అణువు ఎలా పుడుతోంది? గింజ గోడల్లో అరబినోజ్ అనే చక్కెరతో అల్లిన పిండిపదార్థం ఉంటుంది. వేడికి అది విరిగి ఫర్ఫ్యూరాల్ అవుతుంది. గింజ ప్రొటీన్లలో సిస్టీన్ అనే గంధకం కలిగిన అమైనో ఆమ్లం ఉంది. అది విరిగితే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. ఈ రెండూ ఎదురుపడిన చోట ఆక్సిజన్ తప్పుకుని గంధకం వచ్చి చేరుతుంది. నీటిలో కరిగే చక్కెరలు, అమైనో ఆమ్లాలు కడిగి తీసేసిన గింజలను వేయించి చూసినా ఈ అణువు తయారైంది. అంటే ముడిసరుకు గింజ కట్టుబడిలోనే ఉందన్నమాట. వేపు ముదిరేకొద్దీ ఈ థయోల్ పెరుగుతుంది, లేత వేపులో తక్కువ, ముదురు వేపులో ఎక్కువ.

పొద్దున తీసిన డికాక్షన్ సాయంత్రానికి ఎందుకు చప్పబడుతుందో కూడా ఈ గంధకమే చెప్పింది. వాసన ఆవిరై పోయిందని అందరూ అనుకునేవారు. మూత బిగించిన ఫ్లాస్కులోనూ అదే జరుగుతుంటే ఆ మాట ఎలా నిలుస్తుంది? 2001లో థామస్ హాఫ్‌మన్, పీటర్ షీబర్లె తదితరులు దీని కారణం పట్టుకున్నారు. కాఫీకి ముదురు రంగునిచ్చే మెలనాయిడిన్‌లే థయోల్‌ను పట్టి తమలో కట్టేసుకుంటున్నాయి. వేడిగా ఉన్నంతసేపూ ఈ పని సాగుతూనే ఉంటుంది. రంగు, వాసన రెండూ ఒకే పెనం మీద పుట్టి, కప్పులో చేరాక ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. కాఫీని అప్పుడే కలిపి అప్పుడే తాగాలన్న ఇంటివాళ్ల పట్టుదలకు రసాయన శాస్త్రం ఇన్నాళ్లకు సాక్ష్యం పలికింది.

ఈ కథకు ఎవరూ ఎదురుచూడని మలుపు కొవిడ్ రోజుల్లో వచ్చింది. జబ్బు తగ్గాక చాలామందికి కాఫీ అంటే కడుపులో తిప్పేది, మురుగు వాసన వస్తోందనేవారు. ఇంట్లోవాళ్లకు అది వింతగా ఉండేది, కొందరికి భ్రమగా తోచేది. ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయంలో జేన్ పార్కర్ బృందం అలాంటివారిని గొట్టం కొసన కూర్చోబెట్టి కాఫీ వాసనలను ఒక్కొక్కటిగా వదిలింది. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం 29 మందిలో 20 మంది ఒకే చోట ముక్కు మూసుకున్నారు. గొట్టంలో ఆ క్షణాన వస్తున్నది ఫర్ఫ్యూరిల్ థయోల్. మామూలు ముక్కులకు కాఫీలా తోచే పదార్థమే వాళ్లకు అసహ్యం పుట్టిస్తోంది. కృత్రిమ కాఫీ కోసం నూరేళ్ల కిందట వెతికి పట్టుకున్న అణువు, తమ బాధ నిజమేనని ఆ రోగులకు ధైర్యం చెప్పడానికి పనికొచ్చింది.

విశాఖ మన్యం కొండల్లో పండే అరబికాకు 2019లో అరకు పేరుతోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గింజ 2017లోనే పారిస్‌లో సొంత దుకాణానికి చేరింది. అయినా ఒక కొండ కాఫీకీ పక్క కొండ కాఫీకీ రుచిలో తేడా ఎందుకో ఒక్క థయోల్ కొలిచి చెప్పడం సాధ్యం కాదు. పండు ఎంత పండింది, ఎలా కడిగారు, ఎంత నెమ్మదిగా ఎండింది, నీడ ఎంత, ఎత్తు ఎంత అన్నవన్నీ పెనం మీదికి చేరే ముడిసరుకును మారుస్తాయి. అందుకే 'జెమ్స్ ఆఫ్ అరకు' పోటీలో రైతుల కాఫీని బేరీజు వేసేటప్పుడు తీర్పరులు గిన్నెల మీదికి వంగుతారు. ముందు పొడి వాసన చూస్తారు, వేడినీళ్లు పోస్తారు, నాలుగు నిమిషాలాగి పైన కట్టిన పొరను చెంచాతో పక్కకు తోస్తూ మళ్లీ వాసన చూస్తారు, తర్వాతే జుర్రుకుంటారు. గార్షింగ్‌లో గొట్టం కొసన కూర్చున్న పరిశోధకుడు చేసిందీ ఇదే. యంత్రాలు ఎన్ని శిఖరాలు గీసినా, గిరిజన రైతు ఏరిన పండుకు తగిన మార్కు వేసే పని ఇప్పటికీ ముక్కుదే.